దారుశిల్ప విద్య – ప్రథమ సోపానము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ఉపన్యాస పాఠము)



గ్రంథాలయోత్సవమున ఉలిని గూర్చియు, కొయ్యను గూర్చియు ప్రసంగమేల యని కొందరికి తోచవచ్చును. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసిననాటినుండియు, గ్రంథాలయమనగా పుస్తకములు దాచు బీరువా మాత్రమే కాదని ఆ ఉద్యమమునకు పాటుపడిన పెద్దలు చెప్పుచునే వచ్చిరి. చదువురానివారికి చదివి వినిపించుటయు, తెలియని విషయమును తెలియజెప్పుటయు దాని ధర్మములే. ఊరికి పనికివచ్చు విద్య ఏదైనను గ్రంథాలయపు అరుగుమీద చోటు పొందదగినదే. కొయ్య చెక్కు విద్య అట్టివానిలో నొకటి.

కొయ్యపని వడ్రంగులదనియు, ఇతరులకు దానితో పనిలేదనియు పల్లెలలో నొక అభిప్రాయము చిరకాలముగ నాటుకొనియున్నది. నాలుగక్షరములు నేర్చిన పిల్లవాడు ఉలి పట్టుట నామోషియని తలచును. ఇటు వడ్రంగియు, ఈ కష్టము తనతోనే తీరిపోవుగాక యని కుమారుని వేరొక ఉద్యోగమునకు పంపును. ఒకరు నేర్వనొల్లరు, మరియొకరు నేర్పనొల్లరు. నడుమ విద్య అంతరించుచున్నది. ఈ ప్రసంగము విని ప్రతివాడును దారుశిల్పి కావలెనని గాని, దానివలన జీవనము గడుపుకొనవలెనని గాని ఎవరును కోరరు. తీరిక వేళలందు ఒక చిన్న కత్తితో ఒక చిన్న కొయ్యముక్కను రూపుదిద్ద నేర్చినవానికి కన్ను నిలుకడ పొందును, చేయి అదుపునకు వచ్చును. అంతకుమించి మరియొక లాభము గలదు. ఒక్క బొంగరమునైనను తానై చెక్కినవాడు బొమ్మల అంగడిలో వెల విని నోరు వెళ్లబెట్టడు. ఆ వెలలో ఎన్ని గంటల పని యిమిడియున్నదో వానికి తెలియును.

తెలుగునాట ఈ విద్యకు కొరతలేదు. విజయవాడ చెంతనున్న కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో దశావతారములను, అంబారీ యేనుగును, తాడిచెట్టెక్కు గీతకార్మికుని, ఎడ్లబండిని చేయుదురు. గోదావరికి ఉత్తరమున నిర్మల్‌లోను పొణికి కర్రనే వాడి పండ్లను, పక్షులను, జంతువులను సజీవములో యనునట్లు రచించుదురు. వరాహనదీ తీరమున ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిమెనపై త్రిప్పి, లక్కరంగులు పట్టించి, నునుపైన బొమ్మలు తీయుదురు. అచట ప్రకృతిసిద్ధములైన రంగులను పునరుద్ధరించుటకు కృషిచేసిన చింతలపాటి వెంకటపతిరాజుగారికి 2023లో పద్మశ్రీ పురస్కారము లభించినది. శ్రీకాళహస్తి ప్రాంతమున మాధవమాల గ్రామములో దేవతామూర్తులను చెక్కుదురు. నెల్లూరుసీమలోని ఉదయగిరి కొయ్య గరిటెలకు, చెంచాలకు పేరొందినది. బొబ్బిలి సమీపమున గొల్లపల్లిలో ఒకే పనసమొద్దును తొలిచి, అతుకు లేకుండ వీణను చేయుదురు.

ఈ ఊళ్ల పనిని పరికించినచో మొదటి పాఠము తనంత తానే బోధపడును. వారిలో ప్రతివారును తమ పనికి తగిన కొయ్యను ముందుగా నేర్పరచుకొనిరి. బొమ్మకు తేలికయైన పొణికి, తరిమెనకు సన్నని పోతగల అంకుడు, వీణకు నాదము పలుకు పనస. పూరీ జగన్నాథస్వామి విగ్రహములకు వేపమానే శాస్త్రము; 1996లోను, 2015లోను నవకళేబరోత్సవములు జరిగినప్పుడు వేపచెట్లనే వెదకి తెచ్చిరి. ప్రతిమలకు కొయ్యను తెచ్చు విధమును వరాహమిహిరుడు బృహత్సంహితలో ప్రత్యేకముగ నొక అధ్యాయమున వివరించెను. కొయ్యను ఎరుగుట సగము పని. ఉలి పట్టుట మిగిలిన సగము.

కొయ్య రాయివంటిది కాదు. రాతికి ఏ దిక్కున ఉలి పెట్టినను ఇంచుమించు ఒకటియే. కొయ్యలోనో, చెట్టు నిలువున సన్నని నారపోగులు బారులుతీరి యుండును. వేరునుండి ఆకునకు నీరు ఎక్కినదారి అదియే. ఈ నారను అనుసరించి కత్తి పోయినచో పని నునుపుగ సాగును. నారకు ఎదురుగ పోయినచో కత్తి లోనికి దిగబడి, పెచ్చు లేచిపోవును. ఎద్దువీపును తలనుండి తోకవైపునకు నిమిరినచో వెండ్రుకలు అణగియుండును, తోకనుండి తలవైపునకు నిమిరినచో నిక్కపొడుచుకొనును గదా! కొయ్యయు అట్టిదే. నార దిక్కు తెలియనప్పుడు ఒక పక్కన సన్నని పొర తీసి చూడవలెను. కొయ్య చిరిగినట్లు తోచినయెడల ముక్కను వెనుకకు త్రిప్పి రెండవ దిక్కునుండి కోయవలెను. వంపుగల ఆకృతిని చెక్కునప్పుడు ఎత్తునుండి పల్లమునకు కోయుట సూత్రము. గుండ్రని గుట్టకు రెండు వాలులున్నట్లే, అచట రెండు దిక్కులనుండియు క్రిందికి దిగి లోయలో కలిసికొనవలెనే గాని, లోయదాటి ఎదుటి మెట్ట నెక్కరాదు.

రెండవ సంగతి తడి. అప్పుడు నరికిన కొయ్యలో నీరు విశేషముగ నుండును. అది ఆరునప్పుడు కొయ్య ముడుచుకొనును. కాని అన్ని దిక్కులకును సమానముగ ముడుచుకొనదు. నిలువున దాదాపు ముడుచుకొననే ముడుచుకొనదు. నడిబొడ్డునుండి బెరడువైపునకు కొంత ముడుచుకొనును. చుట్టుకొలత వెంబడి దానికి సుమారు రెండింతలు ముడుచుకొనును. ఈ తేడా కారణముగనే గుండ్రని దుంగ ఆరినపిమ్మట నడిబొడ్డువరకు నిలువున నెఱ్ఱె విచ్చును. కావున దుంగను రెండుగానో నాలుగుగానో నిలువున చీల్చి, నడిబొడ్డును తీసివేసి, ముక్కల రెండు కొనలకు మైనమో రంగో పూసి, గాలి పారు నీడపట్టున ఆరబెట్టవలెను. కొనలనుండి నీరు మిక్కిలి వేగముగ పోవుటచేత వానిని మూయుట అవసరము. అంగుళము మందమునకు ఒక సంవత్సరమని పూర్వులు వేసిన లెక్క స్థూలముగ సరియైనదే. అంత ఓపిక లేనివారు ముక్కను వారమున కొకసారి త్రాసులో తూచి చూచుకొనవచ్చును. తూకము తగ్గుట మానినప్పుడు కొయ్య ఆరినట్లు లెక్క. కొండపల్లివారు పొణికి కర్రను సన్నని సెగపై కాచి తడిని పోగొట్టుట ఇందుకొరకే.

క్రొత్తగ నేర్చుకొనువారికి పొణికి దొరకినచో మేలు. దొరకనియెడల గుమ్మడిటేకు మంచిది. మెత్తగ తెగును, అంతగ పగులదు. అంకుడును తగినదే. బూరుగు మిక్కిలి మెత్తన. కాని కత్తి మొద్దుబారియున్నచో తెగుటకు మారుగ నలిగిపోవును. వేప కొంచెము గట్టిది, చేయి కుదిరిన పిమ్మట ఉపయోగింపవచ్చును. టేకు చూచుటకు అందమైనదేగాని, దానిలో ఇసుకవంటి పదార్థ ముండుటచేత ఉలి త్వరగ అరుగును. చింత, తుమ్మ కొయ్యలు పనిముట్ల పిడులకు తగునుగాని తొలి పాఠములకు తగవు. కొబ్బరి మ్రానిలో ఇనుపతీగెలవంటి నరములు, పిండివంటి మెత్తదనము కలగలసియుండును గనుక నేర్చుకొనువాని చేయి తడబడును. గన్నేరు కొయ్య విషము. దానిని ఏ పనికిని ముట్టరాదు. రక్తచందనమును అటవీశాఖ అనుమతి లేక నరుకుటయు, తరలించుటయు, దగ్గరనుంచుకొనుటయు నేరము. ఊరి వడ్రంగి కొట్టములో మిగిలిన ముక్కలు, పాత కిటికీ చెక్కలు, ఎండిన కొమ్మలు తొలి సంవత్సరమునకు చాలును. పాతచెక్కలో మేకులున్నవేమో మాత్రము ముందుగ చూచుకొనవలెను.

ఇక పనిముట్లు. పట్టణపు అంగడిలో ఇరువది ఉలులు గల పెట్టెలు కంటికింపుగ కనుపించును. వానిలో పదునెనిమిది తుప్పుపట్టుటకే కొన్నట్లగును. ప్రారంభమున ఒక చిన్న కత్తి చాలును. దాని అలుగు నాలుగైదు సెంటీమీటర్లకు మించి పొడవుండరాదు. పిడి అరచేతినిండుగ నుండవలెను. అలుగు పొడవగు కొలది చేతికి అదుపు తగ్గును. రెండవ మెట్టున మూడు ఉలులు చేర్చవచ్చును: ఆరు మిల్లీమీటర్ల చదునైన ఉలి యొకటి, పండ్రెండు మిల్లీమీటర్లది యొకటి, అంచు గోరువలె వంగిన ఉలి యొకటి. ఉలిని కొట్టుటకు ఇనుప సుత్తి పనికిరాదు, పిడి చీలిపోవును. చింతకొయ్యతోనో తుమ్మకొయ్యతోనో చేసిన సుత్తి కావలెను. ఒక చిన్న రంపము, ఒక సానరాయి, ఒక తోలుముక్క, ముక్కను కదలకుండ పట్టియుంచుటకు వైసో, బల్లకు బిగించిన అడ్డుకర్రలో. ఇంతతో సామగ్రి పూర్తియైనది. ఊరి కమ్మరి పాత ఆకురాయిని కాచి సాగదీసి మంచి కత్తి చేయగలడు. ఆకురాయి ఉక్కు పదునును నిలుపుకొనును.

పనిముట్టు కొనుట సులభము. దానిని పదునుగ నుంచుట విద్య. నేర్చుకొనువారు పదిమంది మానివేసినచో అందులో అధికులు మొద్దుకత్తితో విసిగి మానివేసినవారే. సానరాయిని నీటితో తడిపి, ఉలియొక్క ఏటవాలు ముఖమును దానిపై సమముగ ఆనించి, ఆ కోణము మారకుండ ముందుకు వెనుకకు నడపవలెను. ఉలికి ఇరువదియైదు డిగ్రీల వాలు సామాన్యముగ సరిపోవును. కొంతసేపటికి రెండవవైపు అంచున సన్నని లోహపు పొర లేచి వ్రేలికి గరుకుగ తగులును. ఆ పొర అంచు పొడుగునను లేచినప్పుడే రాయిపని సరిపోయినట్లు. అపుడు చదును ముఖమును రాయిపై పరచి ఆ పొరను తీసివేసి, చెక్కపై బిగించిన తోలుమీద అంచును వెనుకకు మాత్రమే లాగుచు నునుపుచేయవలెను. పదును పరీక్షించుటకు బొటనవ్రేలిని అంచుపై రుద్దుట ప్రమాదము. మెత్తని కొయ్యముక్కయొక్క కొనను నారకు అడ్డముగ కోసి చూడవలెను. కోసినచోట అద్దమువలె మెరసినచో కత్తి పదునుగనున్నది. తెల్లని గీతలుగాని, చిరుగులుగాని కనబడినచో మరల రాయివద్దకు పోవలెను. దసరానాడు పనిముట్లకు పూజచేయుట పనివారి ఆచారము. ఆ పూజ సంవత్సరమున కొకనాడు. సానపట్టు పూజ మాత్రము ప్రతిదినమును జరుగవలసినదే.

గాయమునుగూర్చి రెండు మాటలు. పదునైన కత్తికంటె మొద్దుకత్తియే ఎక్కువ ప్రమాదకరము. ఏలనన దానిని బలముగ నెట్టవలసివచ్చును, బలముగ నెట్టిన కత్తి జారినప్పుడు ఆగదు. తెలుగు ఇండ్లలో కూరగాయలు తరుగుటకు కత్తిపీట వాడుక. అందు కత్తి నిలుకడగనుండును, కాయ కదలును. చెక్కడపు పనిలో కొయ్య నిలుకడగనుండి కత్తి కదలును. కావున కత్తి జారినచో ఎచటికి పోవునో ప్రతి కోతకు ముందును చూచుకొని, ఆ దారిలో చేయిగాని తొడగాని లేకుండ చూడవలెను. ఒడిలో కొయ్యనుంచి తొడలనడుమ కోయుట ఎన్నటికిని కూడదు. తొడ లోపలివైపున పెద్ద రక్తనాళ మున్నది. ఉలితో పనిచేయునప్పుడు ముక్కను బల్లకు బిగించి, రెండు చేతులును అంచునకు వెనుకనే యుంచవలెను. కొయ్యను పట్టు చేతి బొటనవ్రేలికి తోలుతొడుగు మంచిది. తెగినచో శుభ్రమైన గుడ్డతో గట్టిగ నొక్కిపట్టి, చేయి పైకెత్తి యుంచవలెను. గాయము లోతైనచో వైద్యునికడకు పోయి, ధనుర్వాతపు టీకా విషయమునుకూడ విచారింపవలెను. చీకటిలోను, నిద్రమత్తులోను, కోపములోను కత్తి పట్టరాదు.

తొలి పాఠము బొమ్మ కాదు. వ్రేలిమందముగల మెత్తని పుల్లను జానెడు తీసికొని, దాని నాలుగు ముఖములను చదునుచేయవలెను. ఆ నాలుగు మూలలను తీసి ఎనిమిది ముఖములు చేయవలెను. పిమ్మట గుండ్రముగ తీర్చవలెను. ఈ చిన్నపనిలోనే రెండు ముఖ్యమైన కోతలు అలవడును. కత్తి వెన్నుపై కొయ్యను పట్టిన చేతి బొటనవ్రేలిని ఆనించి, దానితో కొంచెము కొంచెముగ ముందుకు నెట్టుట మొదటిది. బంగాళాదుంప తొక్క తీసినట్లు కత్తిని తనవైపునకు కొలదిగ లాగుట రెండవది. ఈ రెండవ కోతలో ఎదురుగనున్న బొటనవ్రేలిని కత్తి అందని చోట, కొయ్య అంచునకు దిగువగ నుంచవలెను. మూడవది ఆపుకోత. ఎచట కోత ఆగవలెనో అచట ముందుగ నారకు అడ్డముగ నొక గాటు పెట్టి, పిమ్మట దానివైపునకు కోయవలెను. అపుడు చీలిక గాటు దాటి ముందుకు పోదు. పొలములో నీరు పారించువాడు ముందు గట్టు వేసి పిమ్మట మడవ తీయును గదా! ఇదియు అట్టిదే.

రెండవ పాఠము బొంగరము. ఇది మిక్కిలి నిజాయితీగల పరీక్షకుడు. గుండ్రముగ నున్నదని చెక్కినవాడు ఎంత చెప్పినను, ఒకవైపు బరువు హెచ్చినచో బొంగరము తల ఊపి కాదనును. దానిని త్రిప్పి చూచి, ఊగినవైపు గుర్తించి, కొంచెము తీసి, మరల త్రిప్పవలెను. మూడు నాలుగు బొంగరములు పాడైన పిమ్మట ఒకటి నిలిచి తిరుగును. ఆనాడు పిల్లవానికి కలుగు ఆనందము ఒక బహుమతికి తీసిపోదు.

మూడవ పాఠము గరిటె. ఇది వంటయింటికి పనికివచ్చు వస్తువు గనుక ఇంట పెద్దల ఆక్షేపణయు తగ్గును. చెక్కపై గరిటె ఆకారము గీసి, ముందుగ గోరుఅంచు ఉలితో గిన్నెభాగమును తొలిచి, పిమ్మటనే వెలుపలి రూపమును తీర్చవలెను. ఏలనన చెక్క పెద్దదిగ నున్నంతవరకే దానిని బల్లకు బిగించుట సాధ్యము. గిన్నెను తొలుచునప్పుడు రెండు కొనలనుండియు నడుమకు రావలెను. ఒకే ఊపున ఈ కొననుండి ఆ కొనకు పోయినచో రెండవ సగమున నారకు ఎదురుపడును. పిడి సన్నగనుండునట్లు చేయువారు నార పిడి పొడుగునకే యుండునట్లు ముందే చూచుకొనవలెను.

ఈ నియమము బొమ్మలకు మరియు ముఖ్యము. చాచిన చేయిగల మనిషిబొమ్మను ఒకే ముక్కలో చెక్కినచో, ఒడలికి నార నిలువుగనుండును. చేతికి అడ్డముగ పడును. అడ్డునారగల సన్నని చేయి చిన్న తాకుడుకే పుటుక్కున విరుగును. కొండపల్లి బొమ్మలో చేతులను, తలపై బిందెను, ఏనుగు తొండమును వేరువేరుగ చెక్కి, చింతగింజల జిగురుతో కలిపిన రంపపుపొట్టు మక్కుతో అతికింతురు. ఇందువలన ప్రతి అవయవమునకును నార దాని పొడుగునకే యుండును. పిమ్మట సుద్దపూత పూసి, నునుపుచేసి, రంగులు వేయుదురు. చూచువానికి రంగులే కనబడును. బొమ్మ ఇంటిలో పిల్లలచేతిలో ఇరువది యేండ్లు నిలుచుటకు కారణము రంగుల క్రింద దాగిన ఈ తెలివి.

నాలుగవ పాఠము పలకపై చెక్కడము. జానెడు చదరము, రెండు సెంటీమీటర్ల మందము గల పలక చాలును. దానిపై ఎనిమిది రేకుల పద్మమును గీయవలెను. ఈ విషయమున తెలుగు స్త్రీలు పురుషులకంటె ముందున్నారు. దినదినమును వాకిట చుక్కలుపెట్టి ముగ్గువేయు చేతికి సమభాగములు చేయుట వేరుగ నేర్పనక్కరలేదు. గీసిన గీతకు వెంట్రుకవాసి వెలుపల ఉలిని నిలువుగ నిలిపి గాటుపెట్టవలెను. పిమ్మట వెలుపలి నేలను నాలుగైదు మిల్లీమీటర్లు దింపవలెను. అపుడు ఏ రేకు పైది, ఏ రేకు క్రిందిది అని నిర్ణయించుకొని, క్రిందివానిని కొంచెముగ దింపి, చివరకు రేకుల వంపులు తీర్చవలెను. అలవాటులేనివారు చేయు పొరపాటు ఏమనగా, మొదటి రేకునే పూర్తిగ నునుపుచేసి రెండవదానికి పోవుదురు. ఎనిమిదవ రేకునకు వచ్చునప్పటికి ఎత్తులు సరిపోవు. ఇల్లు కట్టువాడు నాలుగు గోడలను కలిపి లేపినట్లు, పలకయంతటను పని సమముగ సాగవలెను. తీసిన కొయ్య తిరిగి అతుకదు గనుక ఎల్లప్పుడును కొంచెము తక్కువ తీయుటయే మేలు. నిదానమే ప్రధానమను మాట ఈ పనిలో అక్షరాల సత్యము.

పని ముగిసిన పిమ్మట ఉప్పుకాగితముతో రుద్దవచ్చును. ముందు గరుకుది, పిమ్మట సన్ననిది, నార వెంబడినే. కాని కత్తి చేయవలసిన పనిని ఉప్పుకాగితముతో చేయించుట సోమరితనము. అంచులు మొద్దుబారి చెక్కడము నీళ్లలో నానిన సబ్బువలె కనబడును. రుద్దునప్పుడు లేచు సన్నని ధూళి ఊపిరితిత్తులకు చెరుపు. ముక్కునకు గుడ్డ కట్టుకొని ఆరుబయట కూర్చుండవలెను. పూతకు అవిసెనూనె మంచిది, అది ఆరి కొయ్యపై గట్టిపడును. కొబ్బరినూనె అట్లు ఆరదు. అవిసెనూనెలో తడిపిన గుడ్డలను ముద్దగ చుట్టి మూలపడవేయరాదు. అవి తమంతట తామే వేడెక్కి మండుట కలదు. వానిని విప్పి పరచి ఆరవేయవలెను. పిల్లలు నోటపెట్టుకొను బొమ్మలకు సీసము కలిసిన రంగులు వాడరాదు.

దినమునకు అరగంట చొప్పున పనిచేయువాడు కొలది మాసములలో గరిటె చేయగలడు. ఒక సంవత్సరమున పద్మము చెక్కగలడు. ముఖము చెక్కుటకు మరికొన్ని సంవత్సరములు పట్టవచ్చును. తొందరపడి వినాయకునితో ప్రారంభించువాడు రెండవదినముననే విరమించుట కద్దు. మొక్కై వంగనిది మానై వంగునా యని సామెత గలదు; పిల్లలకు చిన్ననాడే నేర్పుట మంచిదే. కాని ఈ విద్యలో అరువదియేండ్లవానికిని తలుపులు మూయబడలేదు. వానికి పిల్లలవద్ద లేని ఓపిక యున్నది.

ఇక చెట్ల సంగతి. పొణికి చెట్టు అడవిలో తనంత తాను పెరుగునది. కొన్ని తరములుగ నరుకుటయే గాని నాటుట తక్కువ. కొండపల్లిలో నేడు పనివారికి గల పెద్ద చింతలలో కర్ర కొరత యొకటి. కర్రకొరకు నానాటికి దూరము పోవలసివచ్చుచున్నది. దూరమైన కొలది వెల హెచ్చును. వెల హెచ్చిన బొమ్మ, అంగడిలో ప్లాస్టిక్ బొమ్మతో పోటీపడలేదు. బొమ్మ అమ్ముడుపోనిచో కుమారుడు ఉలి పట్టడు. ఈ విధముగ ఒక చెట్టు లేకపోవుట ఒక విద్య లేకపోవుటగ మారును. ఊరి చెరువుగట్టునను, పాఠశాల ఆవరణలోను, శ్మశానపు హద్దులందును ఏటేట కొన్ని పొణికి, అంకుడు, గుమ్మడిటేకు మొక్కలు నాటుట ఏ ఊరికిని భారము కాదు. నేడు కత్తి పట్టిన పిల్లవాడు తాను కోసిన కొయ్యకు మారుగ ఒక మొక్క నాటవలెనని నియమము పెట్టుకొనుట ధర్మము.

పుస్తకము చదివి ఈ విద్య నేర్వవచ్చునా యని ప్రశ్న. సగము నేర్వవచ్చును. కొయ్య ఏల పగులునో, ఉలికి ఏ వాలు ఉండవలెనో పుస్తకము చెప్పగలదు. కాని ఉలి సరిగ తెగునప్పుడు వచ్చు ధ్వనిని, నారకు ఎదురైనప్పుడు మణికట్టునకు తగులు అదురును ఏ పుస్తకమును చెప్పజాలదు. అది వడ్రంగి ప్రక్కన కూర్చుండి తెలిసికొనవలసినదే. ఆయన చెప్పు మాటలును ఆయనతోనే పోవుచున్నవి. బాడిత, తోపడ, బర్మా వంటి మాటలు నిఘంటువులలోనైన మిగులును. ఏ ముడి ఎట్లు తీయవలెను, ఏ చెట్టు ఏ మాసమున నరుకవలెను, ఏ కర్ర ఏ పురుగునకు లోబడును అనునవి మాత్రము ఏ నిఘంటువునను లేవు. వడ్రంగి వృద్ధుడైనకొలది ఆ పుస్తకముయొక్క పుటలు ఒక్కొక్కటిగ రాలిపోవుచున్నవి.

గ్రంథాలయము చేయదగిన పని ఇచటనే యున్నది. ఊరిలోని పెద్ద వడ్రంగిని నెలకొకసారి సగౌరవముగ పిలిచి, ఆయన చెప్పునది చదువుకొన్న యువకులచేత వ్రాయించి, ఆ వ్రాతప్రతిని తక్కిన గ్రంథముల సరసన భద్రపరచవచ్చును. ఆయన సమయమునకు తగిన సంభావన ఇచ్చుట మరువరాదు. విద్యను ఉచితముగ కోరుట గౌరవము కాదు. రెండు కత్తులు, మూడు ఉలులు, ఒక సానరాయి గల చిన్నపెట్టెను చందాదారులకు పుస్తకమువలెనే ఎరువిచ్చి, పదునుపెట్టి తిరిగి ఈయవలెనని నియమింపవచ్చును. సెలవుదినములలో గ్రంథాలయపు అరుగుమీద పదిమంది పిల్లలు పెద్దల కనుసన్నలలో బొంగరములు చెక్కుచుండినచో, చదువుగది నిశ్శబ్దమునకు కొంత భంగము కలుగవచ్చును. అట్టి భంగము సహింపదగినదే.

ఇరువదియైదు సంవత్సరములు ఒక సంస్థను నిలుపుట సామాన్యమైన సేవ కాదు. పుస్తకమును చేతికందించి ఈ గ్రంథాలయము గ్రామమునకు కన్ను తెరిపించినది. ఇక రాబోవు ఇరువదియైదు సంవత్సరములలో ఆ చేతికి పనితనమును గూడ అందించుగాక. స్వర్ణోత్సవమునాడు ఈ సభామందిరపు ద్వారబంధముపై పద్మము ఈ ఊరి పిల్లలే చెక్కినదై, దాని కొయ్య ఈ ఊరి చెరువుగట్టున పెరిగినదై యుండుగాక.

స్వస్తి.